విరమణ ఉద్యోగానికే గాని విద్యకు కాదు

"ఉద్యోగం పురుష లక్షణం" అని మన పెద్దలు చెప్పారు. ఆ సామెతలో ఉద్యోగమంటే ప్రయత్నమని అర్థం గాని నెల జీతమని కాదు. కాలక్రమాన ప్రయత్నమనే అర్థం మరుగున పడిపోయి జీతమనే అర్థమే మిగిలింది. అందువల్లనే జీతం ఆగిన నాటితో మనిషి పని కూడా ముగిసిపోయిందని లోకం భావిస్తున్నది. విశ్వవిద్యాలయంలో ముప్పై ముప్పైయైదేళ్లు పాఠం చెప్పిన ఆచార్యుని విషయంలోనూ, ఆయన ప్రయోగశాలను అన్నేళ్లు కనిపెట్టుకొని ఉన్న సహాయకుని విషయంలోనూ జరుగుతున్నది ఇదే. విరమణ దినాన ఒక సభ జరుగుతుంది. శాలువా కప్పుతారు, పూలదండ వేస్తారు, సన్మాన పత్రం చదువుతారు. "శేష జీవితం సుఖశాంతులతో గడపాలి" అని ఆ పత్రం చివరి వాక్యం ఆకాంక్షిస్తుంది. మరునాటి నుండి ఆయన చదువు ఎవరికి ఉపయోగపడాలన్న ఆలోచన ఆ సభలో ఎవరికీ కలగదు. ఇరవై ఏళ్లో అంతకు మించో సాగగల జీవితానికి "శేషం" అని పేరు పెట్టడంలోనే మన దృష్టిలోని లోపం బయటపడుతున్నది.

విశ్వవిద్యాలయాల నుండి విరమించిన వారు మన ప్రాంతానికి ఒక పెద్ద నిధి. ఆ నిధిని మనం వాడుకోవడం లేదు. వారికి రావలసిన హక్కులు సకాలంలో రావాలి. ఆ తరువాత వారి విద్యకు సమాజంలో ఒక నియతమైన స్థానం ఏర్పడాలి. ఈ రెండూ ఒకే న్యాయానికి రెండు పార్శ్వాలని చూపడమే ఈ వ్యాసం ఉద్దేశం.

తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లో స్థాపితమైంది. శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం 1983లోను, నెల్లూరులో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం 2008లోను వెలిశాయి. తిరుపతి విద్యాసంస్థలలో పనిచేసి విరమించిన వారు నేడు తిరుపతి, చిత్తూరు, శ్రీకాళహస్తి, సూళ్లూరుపేట వంటి ఊళ్లలోనే గాక మన పల్లెలలో కూడా ఉన్నారు. వారిలో ఆచార్యులున్నారు, గ్రంథాలయోద్యోగులున్నారు, లెక్కలు చూసిన గుమాస్తాలున్నారు, ప్రయోగశాల సహాయకులున్నారు. విశ్వవిద్యాలయ విశ్రాంత ఉద్యోగి అనగానే ఆచార్యుడు ఒక్కడే మన కళ్లకు కనిపించడం సరికాదు. సూక్ష్మదర్శిని కింద గాజుపలకను ఎలా అమర్చాలో ఆచార్యునికంటె సహాయకునికే బాగా తెలిసి ఉండవచ్చు.

విరమణ వయస్సును నిర్ణయించేది ప్రకృతి కాదు, పరిపాలన. 1983లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన ఉద్యోగుల విరమణ వయస్సును 58 నుండి 55 సంవత్సరాలకు తగ్గించింది. తరువాత అది తిరిగి 58 అయింది. 2014లో 60, 2022లో 62 అయింది. 1983లో 55 ఏళ్ల వానిని ఇక చాలునని పంపించిన నియమమే 2022 నాటికి మరి ఏడేళ్లు పనిచేయవచ్చునని అంగీకరించింది. ఈ నడుమ మనిషి మెదడు మారలేదు, ఉత్తర్వు మారింది. కనుక ఫలానా తేదీ దాటితే విద్య కూడా కాలం చెల్లినదవుతుందనే భావానికి ఏ శాస్త్రంలోనూ ఆధారం లేదు.

ముందు హక్కుల సంగతి చూద్దాం. కడుపు నిండని వానికి సేవాధర్మం బోధించడం అధర్మం. పింఛను ప్రభుత్వం దయతలచి ఇచ్చే దానం కాదనీ, చేసిన సేవకు ప్రతిఫలంగా సంపాదించుకొన్న హక్కు అనీ భారత సర్వోన్నత న్యాయస్థానం 1982 డిసెంబరు 17న డి. ఎస్. నకారా కేసులో స్పష్టంగా తీర్పు చెప్పింది. ఆ దినాన్నే దేశంలోని పింఛనుదారులు ఏటా పింఛనుదారుల దినంగా పాటిస్తున్నారు. పింఛను, గ్రాట్యుటీ, సంపాదిత సెలవుల సొమ్ము, ఉద్యోగి మరణానంతరం కుటుంబ పింఛను అన్నవి ఈ హక్కుకు నాలుగు స్తంభాలు. పింఛనులో కొంత భాగాన్ని ముందే ఏకమొత్తంగా తీసుకొనే వీలు కూడా ఉన్నది. దానినే కమ్యుటేషన్ అంటారు. అలా తీసుకొన్న భాగం పదిహేనేళ్ల తరువాత తిరిగి పింఛనులో కలుస్తుంది. ఈ సంగతి తెలియక గడువు దాటినా అడగని వృద్ధులు ఉండవచ్చు. అటువంటి వారికి తెలియజెప్పడం చదువుకొన్న పిల్లల పని.

అయితే కాగితం మీద ఉన్న హక్కు చేతికి అందేదాకా హక్కు అనిపించుకోదు. రాష్ట్ర విశ్వవిద్యాలయాలు ప్రధానంగా ప్రభుత్వపు బ్లాక్ గ్రాంటు మీద ఆధారపడి నడుస్తాయి. గ్రాంటు ఆలస్యమైతే ఆ ఆలస్యం ఒక వృద్ధుని మందుల దుకాణం దాకా వస్తుంది. ఇది ఇలా ఉండగా, రాష్ట్ర ప్రభుత్వ సేవలలో 2004 సెప్టెంబరు 1 తరువాత చేరిన వారికి పాత పింఛను లేదు. వారికి వర్తించేది చందా పింఛను పథకం. వారందరూ విరమించే నాటికి ఈ ప్రశ్న మరింత తీవ్రమవుతుంది. ఇక తాత్కాలిక అధ్యాపకులుగా, అతిథి అధ్యాపకులుగా యౌవనమంతా ఖర్చుచేసి, పింఛను ప్రసక్తి లేకుండానే ఇంటికి వెళ్లినవారి గురించి ఏ సన్మాన సభా మాట్లాడదు. సమాజం విశ్రాంత విద్యావంతుల సేవను కోరదలచుకొంటే ముందుగా వారి పక్షాన నిలవాలి.

ఇప్పుడు విశ్రాంత జీవితం సంగతి. మన పట్టణాలలో పింఛనుదారుల సంఘాలున్నాయి. ఉదయపు నడక, యోగాభ్యాసం, పత్రికా పఠనం, తీర్థయాత్రలు, గుడిలోనో మసీదులోనో సేవ, మనుమల పెంపకం అన్నవి సాధారణంగా వారి దినచర్య. వీటిలో ఏదీ తక్కువ పని కాదు. పదిమందితో కలిసి నడిచే నడక మందుకంటె మేలు చేస్తుంది. కాని వీటన్నింటిలోనూ విశ్రాంత ఆచార్యుడు ఒక వృద్ధుడుగా పాల్గొంటున్నాడే గాని విద్వాంసుడుగా పాల్గొనడం లేదు. ముప్పైయేళ్లు ఆర్జించిన శాస్త్రజ్ఞానాన్ని అడిగే వారు లేని ఇల్లు ఎంత సౌకర్యంగా ఉన్నా వెలితిగానే ఉంటుంది. వార్ధక్యంలో ఒంటరితనానికి కారణం మనుషులు లేకపోవడం ఒక్కటే కాదు. తనతో ఎవరికీ అవసరం లేకపోవడం అంతకు మించిన కారణం.

ఇతర దేశాలవారు దీనిని ముందే గుర్తించారు. 1973లో ఫ్రాన్సులోని తూలూజ్ నగరంలో పియెర్ వెల్లా అనే ఆచార్యుడు "మూడవ వయస్సు విశ్వవిద్యాలయం" ప్రారంభించాడు. బాల్య యౌవనాలు మొదటి వయస్సు, ఉద్యోగం రెండవది, విరమణానంతర జీవితం మూడవది అన్నది ఆ పేరులోని భావం. 1980 దశకం ఆరంభంలో ఇంగ్లండుకు వచ్చేసరికి ఆ ఉద్యమం మరొక రూపం ధరించింది. అక్కడ వృద్ధులే గురువులు, వృద్ధులే శిష్యులు. పరీక్షలు లేవు, పట్టాలు లేవు. ఇది మెచ్చదగినదే. అయితే మన పరిస్థితి వేరు. అక్కడ వృద్ధులు ఒకరికొకరు చెప్పుకొంటున్నారు. ఇక్కడ చెప్పించుకోవలసిన పిల్లలు గుమ్మం ముందే ఉన్నారు.

విరమణ తరువాతనే జీవితంలోని ప్రధాన కార్యాన్ని సాధించిన వారు మన చరిత్రలో లేకపోలేదు. పర్లాకిమిడి కళాశాలలో ఉపాధ్యాయుడైన గిడుగు రామమూర్తి పంతులు 1911లో ఉద్యోగం విరమించారు. ఆ తరువాత దాదాపు మూడు దశాబ్దాలు, 1940లో కన్నుమూసేవరకు, వ్యావహారిక భాష కోసం పోరాడారు. 1919లో "తెలుగు" పత్రికను నడిపారు. సవర భాషకు వ్యాకరణం, నిఘంటువు సమకూర్చారు. ఈనాడు మనం వ్రాస్తున్న తెలుగులో ఆ విశ్రాంత ఉపాధ్యాయుని శ్రమ ఉన్నది. ఉర్దూ విభాగం విద్యార్థులు మౌల్వీ అబ్దుల్ హక్‌ను ఎరుగుదురు. ఔరంగాబాదులోని ఉస్మానియా కళాశాల ప్రధానాచార్య పదవి నుండి 1930లో తప్పుకొన్న తరువాత కూడా ఆయన అంజుమన్ తరఖ్ఖీ ఎ ఉర్దూ పనిని ఏనాడూ విడువలేదు. ఆయన ఆంగ్ల ఉర్దూ నిఘంటువు 1937లో వెలువడింది. లోకం ఆయనను "బాబా ఎ ఉర్దూ" అని పిలుచుకొన్నది. మన తిరుపతికే వస్తే, మైసూరు మహారాజా కళాశాలలో దశాబ్దాలపాటు తెలుగు బోధించి విరమించిన రాళ్లపల్లి అనంతకృష్ణ శర్మగారు తిరుపతికి వచ్చి శ్రీ వేంకటేశ్వర ప్రాచ్య పరిశోధన సంస్థలో అన్నమాచార్యుల సంకీర్తనలను పరిష్కరించారు, స్వరపరిచారు. ఈ ముగ్గురిలో ఎవరినీ మైసూరో ఔరంగాబాదో పర్లాకిమిడో "శేష జీవితం" గడపమని పంపించి ఉంటే వారు విని ఉండేవారు కారు.

ఈ మహనీయుల మార్గం మన పులికాట్ తీరానికి కూడా కొత్తది కాదు. చిలక సరస్సు తరువాత దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు మనదే. దీని జీవజాలాన్ని అధ్యయనం చేసిన వారిలో ఆచార్య పి. జె. సంజీవరాజ్ ముఖ్యులు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో జంతుశాస్త్ర శాఖకు అధ్యక్షులుగా పనిచేసిన ఆయన పదవిని విడిచినా సరస్సును విడువలేదు. పులికాట్ జలచరాలపై ఆయన సమకూర్చిన గ్రంథాన్ని జాతీయ జీవవైవిధ్య సంస్థ 2006లో ప్రచురించింది. ఒక కళాశాల ఆచార్యుని విరమణానంతర శ్రమ ఒక సరస్సుకు ఎట్లా జ్ఞాపకశక్తి కాగలదో తెలుసుకోవడానికి మనం దూరదేశాల ఉదాహరణలు వెతకనక్కరలేదు.

ఆ సరస్సుకు నేడు ఎందరి విద్య అవసరమో ఆలోచించండి. కాళంగి, ఆరణి నదుల నీరు, సముద్రపు నీరు కలిసే చోట ఉప్పదనం ఋతువును బట్టి మారుతుంది. ముఖద్వారాలు పూడిపోతే చేప, రొయ్య సముద్రం నుండి లోపలికి రావు. రాయదొరువు, కొండూరుపాళెం ముఖద్వారాల పూడిక మత్స్యకారుల బ్రతుకు సమస్య. నీటి ఉప్పదనాన్ని నెలనెలా కొలిచి, ఒక పుస్తకంలో వ్రాసి పెట్టడానికి పెద్ద యంత్రాలు అక్కరలేదు. ఒక విశ్రాంత రసాయన శాస్త్రాచార్యుడు, ఆయన వెంట నలుగురు విద్యార్థులు, ఒక పడవ చాలు. పదేళ్ల లెక్కలు చేతిలో ఉన్న గ్రామం అధికారి ముందు నిలబడి మాట్లాడే తీరు వేరు. నేలపట్టులో గూడబాతుల గూళ్లను, సరస్సులో దిగే ఫ్లెమింగోలను లెక్కించడం కూడా ఇటువంటి పనియే. సూళ్లూరుపేటలో పక్షుల పండుగ కొద్ది దినాలలో ముగుస్తుంది, కాని పక్షుల లెక్క ఏడాది పొడవునా సాగవలసి ఉన్నది.

సరస్సు మీది మత్స్యకారులలో "పాడు" అనే పద్ధతి ఉన్నది. ఎవరు ఏ దినాన ఏ చోట వల వేయాలో వంతుల ప్రకారం తామే నిర్ణయించుకొనే కట్టుబాటు అది. వృద్ధ మత్స్యకారుల నోటనున్న ఆ కట్టుబాటు వివరాలను ఆర్థికశాస్త్రమో న్యాయశాస్త్రమో చదివిన విశ్రాంతుడు వ్రాసిపెడితే అది అక్షరాలా ఒక గ్రామ శాసనమవుతుంది. శ్రీహరికోటలో రాకెట్ కేంద్రం ఏర్పడినప్పుడు స్థానం మారిన యానాది కుటుంబాల పిల్లలకు ధ్రువపత్రాలు, ఉపకార వేతనాల దరఖాస్తులు నింపిపెట్టే చేయి కావాలి. కార్యాలయంలో ముప్పైయేళ్లు దస్త్రాలు చూసిన విశ్రాంత గుమాస్తాకు మించి ఆ పని తెలిసినవారెవరు?

మన ముస్లిం సమాజానికి సంబంధించిన అవసరం మరొకటి ఉన్నది. మన ఇళ్లలో తాతల నాటి ఉర్దూ, ఫారసీ కాగితాలు ఉన్నాయి: నికానామాలు, వక్ఫు పత్రాలు, ఉత్తరాలు, చేతివ్రాత పుస్తకాలు. ఉర్దూ మాట్లాడగలిగినా ఆ లిపి చదవలేని యువతరం వాటిని అటక మీద పెట్టి చెదలకు అప్పగిస్తున్నది. పళవేర్కాడు పట్టణంలో డచ్చివారు 1613లో కోట కట్టారు. అదే పట్టణంలోని మరక్కాయర్ల సముద్ర వాణిజ్యానికీ దీర్ఘ చరిత్ర ఉన్నది. వేనాడు దీవిలోని దర్గాకు అన్ని మతాలవారూ వస్తారు. తెలుగు, తమిళం, ఉర్దూ, అరబీ కలిసిన ఈ తీరపు చరిత్రను చెప్పగల పత్రాలు పోకముందే వాటికి పట్టిక తయారు కావాలి. ఒక విశ్రాంత గ్రంథాలయాధికారి, ఒక ఉర్దూ ఉస్తాద్, ఒక తెలుగు అయ్యవారు కలిసి కూర్చుంటే ఈ పని రెండు మూడేళ్లలో ఒక దారికి వస్తుంది. వారు లేకుండా మనం ఇరవై ఏళ్లకైనా చేయలేము.

విద్యావంతుల సహకారం ఒక జిల్లాను ఎట్లా కదిలించగలదో ఈ తీరం ఒకసారి చూసింది. 1990 దశకం ఆరంభంలో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం జరిగినప్పుడు సూళ్లూరుపేట, తడ ప్రాంతాలు ఆ జిల్లాలోనివే. 2022లోనే అవి తిరుపతి జిల్లాలో చేరాయి. రాత్రి బడిలో అక్షరాలు నేర్చిన దూబగుంట మహిళలు సారా దుకాణాన్ని ఎదిరించారు. ఆ గ్రామంలో పుట్టిన ఉద్యమం రాష్ట్రమంతటికీ ప్రాకింది. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రంలో సారా నిషేధమైంది. ఆ రాత్రి బడులలో చెప్పినవారికి జీతం లేదు. వారికి ఉన్నది వినే మనుషులు తమ ఎదుట ఉన్నారన్న నమ్మకం. అదే నమ్మకం విశ్రాంతులకు కలిగించడం మన చేతిలో ఉన్నది.

ఈ వాదానికి కొన్ని ఆక్షేపణలు రావచ్చు. జీవితమంతా పనిచేసిన వారిని విశ్రమించనివ్వరా అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నయే. విశ్రాంతి కోరిన వారిని బలవంతపెట్టే హక్కు ఎవరికీ లేదు. రోగపీడితులకు మన సేవ కావాలి గాని వారి సేవ మనకు వద్దు. ఇక్కడి మాట పిలుపు కోసం ఎదురుచూస్తూ పిలిచేవారు లేక కూర్చున్న వారి గురించి మాత్రమే.

రెండవ ఆక్షేపణ బలమైనది. ఉచితంగా పాఠం చెప్పే వృద్ధులు దొరికితే యాజమాన్యాలు యువ అధ్యాపకులను నియమించడం మానివేస్తాయి గదా అన్నది దాని సారాంశం. ఈ ప్రమాదం ఊహాజనితం కాదు. కనుక ఒక గీత గట్టిగా గీయాలి. విశ్రాంతులు ఖాళీగా ఉన్న పోస్టులో కూర్చోరాదు, కాలపట్టికలోని తరగతిని తీసుకోరాదు. ఒక యువకుని అన్నం పళ్లెం మీద నిలబడిన సేవ సేవ అనిపించుకోదు. కాలపట్టికకు వెలుపల, జీతం ఇచ్చి ఎవరినీ నియమించని చోట మాత్రమే వారి పని ఉండాలి. అటువంటి చోట్లు మన ప్రాంతంలో కావలసినన్ని ఉన్నాయి.

మూడవది విద్యార్థులు నోరు విప్పి అనరు గాని మనసులో అనుకొంటారు: పెద్దవారు వస్తే ఉపదేశాలు చెబుతారు, తమ కాలం గొప్పదంటారు. ఇందులో కొంత నిజమున్నది. వేదిక మీద నిలబెడితే ఎవరైనా ఉపన్యాసమే ఇస్తారు. పడవలో కూర్చోబెట్టి నీటి సీసా చేతికిస్తే పాఠం చెబుతారు. కాబట్టి వారికి వేదిక బదులు పని ఇవ్వడమే దీనికి మందు.

కళాశాల కమిటీ పెద్దల ముందు కొన్ని సూచనలు ఉంచుతున్నాను. మొదటిది, పరిసర గ్రామాలలోను పట్టణాలలోను నివసిస్తున్న విశ్రాంత విశ్వవిద్యాలయ ఉద్యోగుల పట్టిక తయారు చేయాలి. అందులో బోధనేతర సిబ్బంది పేర్లు కూడా తప్పక ఉండాలి. ఎవరికి ఏ విద్య వచ్చునో, వారంలో ఎంత సమయం ఇవ్వగలరో వారినే అడిగి వ్రాసుకోవాలి. రెండవది, వారంలో ఒక పూట గ్రంథాలయంలో వారికొక బల్ల, రెండు కుర్చీలు కేటాయించాలి. ఉర్దూ లిపి నేర్వదలచిన తెలుగు విద్యార్థికీ, తెలుగు వ్యాసం దిద్దించుకోదలచిన ఉర్దూ విద్యార్థికీ ఆ బల్ల దగ్గర చోటుండాలి. మూడవది, రాకపోకల ఖర్చు కళాశాల భరించాలి. సేవ ఉచితం కావచ్చు గాని బస్సు ఛార్జీ వారి పింఛనులో నుండి పోరాదు. నాల్గవది, విరమించిన అధ్యాపికలను ప్రత్యేకంగా ఆహ్వానించాలి. ఇంటర్మీడియెట్‌తో చదువు మాన్పించదలచిన తల్లి వద్దకు ఒక విశ్రాంత మహిళా ఆచార్య వెళ్లి కూర్చొని మాట్లాడితే, మన పది ఉత్తరాలు చేయలేని పని ఆమె ఒక్క మాట చేస్తుంది.

విద్యార్థి మిత్రులకు కూడా ఒక మాట. ఇచ్చిపుచ్చుకోవడం లేని సంబంధం నిలవదు. పింఛనుదారు ఏటా తాను జీవించి ఉన్నట్లు ధ్రువపత్రం సమర్పించాలి. వ్రేలిముద్రతో ఆ పని జరిపే జీవన్ ప్రమాణ్ విధానం 2014లో వచ్చింది. వయస్సుతో అరిగిన వ్రేళ్ల ముద్రను యంత్రం ఒక్కొక్కసారి గుర్తించదు. అప్పుడు పక్కన ఒక యువకుడు ఉంటే ఆ వృద్ధుడు నాలుగుసార్లు తిరగవలసిన అవసరం తప్పుతుంది. బ్యాంకు పని, ఆసుపత్రి చీటీ, చరవాణిలో వచ్చే మోసపు సందేశం గురించిన హెచ్చరిక అన్నవి మీకు అరగంట పని. వారు మీకు వ్యాకరణమో గణితమో చెప్పే అరగంటకు ఇది బదులు. అప్పుడు ఎవరూ ఎవరికీ ఋణపడి ఉండరు.

పింఛను సమాజం తీర్చే ఋణమైతే విద్యాదానం విద్వాంసుడు తీర్చే ఋణం. ఇటువైపు ఋణాన్ని సకాలంలో తీర్చమని ప్రభుత్వాన్ని అడుగుదాం. అటువైపు ఋణాన్ని తీర్చుకొనే అవకాశాన్ని మన కళాశాల కల్పించాలి. రానున్న విద్యా సంవత్సరంలో గ్రంథాలయంలో ఆ ఒక్క బల్ల వెలసినా, వచ్చే సంచికలో పులికాట్ నీటి లెక్కల మొదటి పట్టిక అచ్చయినా ఈ వ్యాసం ఫలించినట్లే. విశ్రాంతులకు మనం ఇకమీదట శాలువాతోపాటు ఒక పని, ఒక శిష్యుడు కూడా ఇవ్వగలమని ఆశిద్దాం.